మూడవ తీగ

“చెప్పులేసుకొని ముట్టు అన్నా, జర ఎర్తు కొడ్తది.”

మంచినీళ్ళ సీసా కోసం నేను ఫ్రిజ్ తలుపు మీద చేయి వేయబోతుండగా ఆ ఇంటి ఇల్లాలు అన్న మాట ఇది. ఆమె కంఠంలో కంగారేమీ లేదు. గుమ్మం పొట్టిది, తల వంచి రండి అన్నంత మామూలుగా అన్నది. ఫ్రిజ్ ముందు ఒక చెక్కపీట, ఆ పీట మీద ఒక జత రబ్బరు చెప్పులు. ఆ చెప్పులు ఇంట్లో ఎవరివీ కావు, ఫ్రిజ్‌వి. తలుపు తీయదలచినవారు ముందుగా వాటిలో కాళ్ళు దూర్చాలి. పది నెలల పసివాడు ఒకడు వానచెమ్మకు తడిసిన నేల మీద పాకుతున్నాడు. వాడికి చెప్పులు లేవు.

ఇది జరిగింది సచిన్‌లో. సూరత్‌కు దక్షిణాన, ముంబాయి వెళ్ళే రైలు మార్గం మీద, ఉధనా, భేస్తాన్ దాటిన తరువాత వచ్చే ఊరు. ఒకప్పుడు సిద్దీ నవాబుల చిన్న సంస్థానం. 1948లో బొంబాయిలో విలీనమైంది. ఆ తరువాత గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఇక్కడ ఎస్టేటు నెలకొల్పడంతో నేతశాలలూ, అద్దకపు కర్మాగారాలూ వెలిశాయి. 2020లో సూరత్ నగరపాలక సంస్థలో చేరింది. తెలుగువారికి సూరత్ కొత్త ఊరేమీ కాదు. తెలంగాణ జిల్లాల పద్మశాలి కుటుంబాలు తరాల క్రిందటే మరమగ్గాలను వెదుక్కుంటూ అక్కడికి చేరుకున్నాయి. ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతున్నదంటే వారి సంఖ్యను మీరే ఊహించుకోవచ్చు.

నా బాల్యమిత్రుని తమ్ముడు, సిరిసిల్ల దగ్గరి పల్లెవాడు, అక్కడ ఒక నేతశాలలో పని చేస్తున్నాడు. తొమ్మిది గదుల వరుసలో ఒక గది అతనిది. గత సంవత్సరం జూలైలో ఒక శుభకార్యానికి సూరత్ వెళ్ళి, అతని ఇంట రెండు రోజులు ఉన్నాను. ముప్పై ఏళ్ళపాటు ఇళ్ళ వైరింగును పరీక్షించి సంతకాలు పెట్టినవాడిని కనుక, ఆ చెప్పుల జతను చూసిన తరువాత నాకు భోజనం సహించలేదు. స్క్రూడ్రైవరు, టెస్టరు అడిగి పుచ్చుకున్నాను.

మన భాషలో ఒక విచిత్రం ఉన్నది. ఇనుప వస్తువును ముట్టుకుంటే జలదరించినప్పుడు తెలుగునాట చాలాచోట్ల ‘ఎర్తు కొడుతోంది’ అంటారు. నిజానికి ఎర్తు కొట్టదు. ఎర్తు లేకపోవడమే కొడుతుంది. తప్పు చేసినవాడు దొరకక, ఊళ్ళోనే లేనివాడి మీద నేరం మోపినట్లుగా ఈ మాట స్థిరపడిపోయింది. పేరు పెట్టిన తరువాత భయం సగం తగ్గుతుంది. చెప్పులు తొడుక్కుంటే మిగిలిన సగం తగ్గుతుంది. లోపం మాత్రం అక్కడే ఉంటుంది.

ఇంటికి వచ్చే విద్యుత్తు ఫేజు అనే తీగ ద్వారా వచ్చి, న్యూట్రలు అనే తీగ ద్వారా తిరిగి పోతుంది. దీపం వెలగడానికీ, పంకా తిరగడానికీ ఈ రెండే చాలు. అందువల్లనే మూడవ తీగకు ఇంత అనాదరణ. ఎర్తు తీగ ఏ పనీ చేయదు. అది ఫ్రిజ్, ఇస్త్రీపెట్టె, నీటిమోటారు వంటి వాటి లోహపు తొడుగును భూమితో కలిపి, ఊరికే కాచుకొని కూర్చుంటుంది. లోపల ఎక్కడైనా తీగ పైపొర చిట్లి ఫేజు ఆ తొడుగును తాకినప్పుడు, కరెంటును మనిషి గుండా కాక తన గుండా భూమిలోకి దింపుతుంది. మూడు కాళ్ళ ప్లగ్గును ఒకసారి చూడండి. పై కాలు తక్కిన రెండింటికంటె లావుగా, పొడవుగా ఉంటుంది. పొడవెందుకంటే, ప్లగ్గును దూర్చేటప్పుడు అది అందరికంటె ముందు కలవాలి, తీసేటప్పుడు అందరికంటె చివర విడిపోవాలి. ఆ వస్తువులో కరెంటు ఉన్న ఏ క్షణంలోనూ కాపలా లేకుండా ఉండరాదని దాని రూపమే చెబుతున్నది.

మెయిను ఆపించి, ఫ్రిజ్ ప్లగ్గు ఉన్న సాకెట్టు విప్పాను. మూడు రంధ్రాలు ఉన్నవి, తీగలు రెండే. మూడవదాని వెనుక మర మీద సిమెంటు మరకలు తప్ప ఏమీ లేదు. గది కట్టిననాటి నుంచీ అది అలంకారమే. ఇంతకంటె వింత కూలరు సాకెట్టులో కనబడింది. అక్కడ ఆకుపచ్చ తీగ ఉన్నది! ఒక్క నిమిషం సంతోషించాను. కాని అది ఎర్తు కాదు, ఫేజు. మన దేశపు ఇళ్ళలో ఎరుపు ఫేజుకు, నలుపు న్యూట్రలుకు, ఆకుపచ్చ ఎర్తుకు చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. కరెంటు పనివాడి దగ్గర ఎర్ర తీగ అయిపోయి ఉంటుంది, మిగిలిన పచ్చ చుట్టను వాడేశాడు. రేపు ఇంకొక పనివాడు వచ్చి, పచ్చ తీగ కదా అని ధైర్యంగా పట్టుకుంటే అతని గతి ఏమిటి?

“మీ కార్ఖానాలో మోటార్లకు ఎర్తు ఉందా?” అని అడిగాను మిత్రుని తమ్ముణ్ణి.

“ఎందుకుండదన్నా! ఒక్కో మోటారుకు రెండు పట్టీలు. ఇన్‌స్పెక్టరు వస్తే ముందుగాల గదే చూస్తడు” అన్నాడు.

అతడు చెప్పింది నిజం. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలో 61వ నిబంధన స్థిరమైన ప్రతి మోటారు చట్రాన్నీ రెండు వేర్వేరు మార్గాల ద్వారా భూమితో కలపాలని శాసించింది. ఒకటి తెగినా ఇంకొకటి ఉండాలని ఉద్దేశం. ఆ నిబంధనల స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోనూ, తిరిగి 2023లోనూ కొత్తవి తెచ్చినా ఆ సూత్రం మారలేదు. పన్నెండు గంటలు రెండు ఎర్తుల మధ్య పని చేసి, ఆ మనిషి ఒక్క ఎర్తు కూడా లేని గదికి వచ్చి నిద్రపోతున్నాడు. తన మోటారుకు ఉన్న భద్రత తన బిడ్డకు లేదన్న ఆలోచన అతనికి ఆ సాయంత్రం వరకూ రాలేదు. నాకు కూడా ఆ వరుసలో ఎన్నడూ తట్టలేదని ఒప్పుకుంటున్నాను.

“ఫ్యూజు ఉన్నది గదన్నా, షాకు కొడితే గది పోతది” అన్నాడు.

ఈ నమ్మకం అతనొక్కడిదే కాదు. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో సగానికి సగం ఈ మాటే కనబడుతుంది. లెక్క వేసి చూద్దాం. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు. తడి చేతులతో, తడి నేల మీద నిలబడిన మనిషి శరీరపు నిరోధం సుమారు 1,000 ఓములు అనుకుంటే, అతని గుండా పోయే కరెంటు 230 మిల్లీ ఆంపియర్లు, అంటే ఆంపియరులో పావువంతు కూడా కాదు. గుండె లయ తప్పడానికి అందులో ఐదో వంతు కొన్ని క్షణాలు చాలు. ఇక 5 ఆంపియర్ల ఫ్యూజు సంగతి చూడండి. దానికి ఈ కరెంటు ఒక చిన్న దీపపు బరువు. అది కరగదు, కదలదు. ఫ్యూజు ఏర్పడింది తీగ కాలిపోకుండా కాపాడడానికి. మనిషి సంగతి దానికి తెలియదు.

నేతగాడికి నేత భాషలో చెప్పాను. మరమగ్గంలో పేక పోగు తెగగానే మగ్గం ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది కదా, ఫ్యూజు అటువంటిది. తెగడమే దాని పని. తెగుతున్నదని విసుగుతో దానిని తాడుతో కట్టేస్తే బట్ట ఏమవుతుంది? అతడు నవ్వాడు. కాని వరుస చివర ఉన్న మెయిను బోర్డు తెరిచినప్పుడు ఆ నవ్వు పోయింది. తొమ్మిది గదులకు తొమ్మిది పింగాణీ కటౌట్లు. నాలుగింటిలో ఫ్యూజు తీగకు బదులు మెలిపెట్టిన రాగిపోగులు. ఒకదానిలో ఏకంగా ఒక మేకు. గోడలో ఉన్న తీగ దీపాలకు, పంకాకు సరిపోయే ఒక చదరపు మిల్లీమీటరుది. దానిమీద ఇప్పుడు ఫ్రిజ్, కూలరు, ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచే కడ్డీ. తీగలో కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. ఆ వేడి సిమెంటు లోపల, మన కంటికి కనబడకుండా, తీగ పైపొరను ఏళ్ళ తరబడి మెల్లగా ఉడికిస్తుంది. ఒకనాడు అంటుకున్నప్పుడు దానికి ‘షార్ట్ సర్క్యూటు’ అని పేరు పెడతాము, పిడుగు పడినట్లు.

2019 మే 24న సూరత్ నగరంలోనే సర్థాణా ప్రాంతపు తక్షశిల ఆర్కేడ్ కాలిపోయి, ట్యూషనుకు వచ్చిన పిల్లలు 22 మంది మరణించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఎయిర్ కండిషనరు వద్ద షార్ట్ సర్క్యూటు అన్నారు. ఆ పిల్లలు దిగి రావడానికి సరైన మెట్ల దారి లేకపోవడం వేరే కథ. దానిని గురించి చాలామంది వ్రాశారు. నా బాధ ఆ రెండు మాటల గురించి. ‘షార్ట్ సర్క్యూటు’ అని వార్తలో పడగానే విచారణ ముగిసినట్లు అందరూ పేజీ తిప్పుతారు. ఏ తీగ, ఎంత లావు, ఏ ఫ్యూజు, ఎవరు వేశారు అని అడిగేవారు అరుదు. మంటలు లేకుండా, వార్తలో కూడా పడకుండా పోయేవారు అంతకంటె ఎక్కువ. జాతీయ నేర గణాంకాల ప్రకారం విద్యుదాఘాతం వల్ల మన దేశంలో మరణించినవారి సంఖ్య 2018 నుంచి 2021 వరకు ఏ ఒక్క సంవత్సరమూ 12,000కు తగ్గలేదు.

గదిలో ఇంకా చాలా ఉన్నవి. అన్నిటినీ వర్ణించి మిమ్మల్ని విసిగించను. కిటికీ సందులోంచి మేకులు కొట్టి తెచ్చిన మెత్తటి జంట తీగ, గోడలో పెట్టె లేకుండా మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు, స్నానాల మూల తడి చేతికి అందే స్విచ్చి, ఇవి మీ ఇంట్లోనూ ఉండవచ్చు. ఒక్కదానిని మాత్రం వదలలేను. దీపం స్విచ్చి ఆపి, బల్బు తీసి, హోల్డరు ముల్లుకు టెస్టరు ఆనించాను. టెస్టరు వెలిగింది. స్విచ్చిని ఫేజు తీగ మీద కాక న్యూట్రలు మీద వేశారన్న మాట. ఇటువంటి ఇంట దీపం ఆరుతుంది గాని హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది. స్విచ్చి ఆపాము కదా అన్న ధైర్యంతో స్టూలెక్కి బల్బు మార్చేవాడు ఆ ధైర్యానికే బలి అవుతాడు. న్యూట్రలు మీద విడిగా స్విచ్చిగాని ఫ్యూజుగాని ఉండరాదని పాత నిబంధనలలో 32వది స్పష్టంగా చెప్పింది. సరిచేయడానికి పట్టేది రెండు తీగలు అటూ ఇటూ మార్చేంతసేపు. ఈ పరీక్ష మీరే చేసుకోవచ్చు. కాళ్ళకు పొడి చెప్పులు వేసుకొని, ఎత్తుపీట గట్టిగా నిలబెట్టి, లోహపు ముల్లును వేలితో తాకకుండా చేయండి. టెస్టరు వెలిగితే అక్కడితో ఆగి లైసెన్సు ఉన్న పనివాణ్ణి పిలవండి.

ఇంతకీ ఆ వరుసకు ఎర్తు ఎన్నడూ లేదా? ఉండేది. వెనుక సందులో, మురుగు కాలువ పక్కన, నేలలోంచి ఒక ఇనుప గొట్టం మొన బయటికి కనబడుతున్నది. కట్టిన రోజున ఎవరో బుద్ధిమంతుడు గొయ్యి తీసి, గొట్టం దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వరుసలుగా పోసి గుంట కట్టాడు. అక్కడి నుంచి మెయిను బోర్డు వరకు పట్టీ కూడా వచ్చింది. కాలువ త్రవ్వినప్పుడు పట్టీ తెగింది. దానిని ఎవరూ అతకలేదు, ఎందుకంటే అది తెగినందువల్ల ఏ దీపమూ ఆరలేదు. మూడవ తీగ దురదృష్టమంతా ఇందులోనే ఉన్నది. ఫేజు తెగితే ఇల్లు చీకటవుతుంది, వెంటనే పనివాడు వస్తాడు. ఎర్తు తెగితే ఎవరికీ తెలియదు.

వరుస మధ్యలో ఒక గదివారు తమంతట తాము పరిష్కారం కనుగొన్నారు. సాకెట్టులో మూడవ రంధ్రాన్ని చిన్న తీగముక్కతో పక్కనున్న న్యూట్రలుకు కలిపించారు. జలదరింపు పోయింది కనుక పనివాడిని మెచ్చుకున్నారు. ఇది అన్నిటికంటె ప్రమాదం. ఎక్కడో బోర్డు దగ్గర న్యూట్రలు సడలిన రోజున ఆ గదిలో ఫ్రిజ్ తొడుగుకు పూర్తి 230 వోల్టులూ ఎక్కుతాయి. ఇంకొక గదివారు వెనకటికి నీటి కుళాయి గొట్టానికి తీగ చుట్టారు. ఇనుప గొట్టం ఉన్నంతకాలం అది ఏదో మేరకు నడిచింది. యజమాని ప్లాస్టిక్ గొట్టాలు వేయించిన నాటి నుంచి ఆ తీగ భూమిని చేరడం లేదు, కుళాయిని మాత్రం చేరుతున్నది.

మరునాడు యజమానిని కలిశాము. చెడ్డవాడు కాడు. చాయ్ ఇప్పించి, అంతా విన్నాడు. కరెంటు బిల్లు ఒకే మీటరు మీద తన పేర వస్తుంది. గదులకు చిన్న మీటర్లు పెట్టి లెక్క కట్టుకుంటాడు. మీటరు దాటిన తరువాత వైరింగు బాధ్యత వినియోగదారునిదే కనుక, ఆ తొమ్మిది కుటుంబాల భద్రత చట్టం దృష్టిలో అతని మీదనే ఉన్నది. ఆ సంగతి చెప్పగానే కుర్చీలో సర్దుకున్నాడు. “ఇన్ని సంవత్సరాలలో ఎవరికీ ఏమీ కాలేదు కదా!” అన్నాడు హిందీలో. అద్దెకున్నవారు నోరు విప్పలేదు. అక్కడ గది దొరకడమే కష్టం. ఎర్తు అడిగి గది పోగొట్టుకునేవారెవరు? చివరికి బేరం కుదిరింది. గుంట, పట్టీ, మెయిను బోర్డులో పని యజమానివి. గదిలోపల మూడవ తీగ, సాకెట్టు ఖర్చు గదివారివి.

నేను ఒక్క షరతు పెట్టాను. గుంట ఒక్కటే చాలదు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా పెట్టాలి. కారణం ఇది. ఎర్తు గుంట నిరోధం 5 ఓములు ఉంటే, తొడుగుకు ఫేజు తగిలినప్పుడు 46 ఆంపియర్లు పారి ఫ్యూజు తక్షణం పోతుంది. అదే గుంట వేసవిలో ఎండి, నిరోధం 50 ఓములకు పెరిగితే పారేది 4.6 ఆంపియర్లు మాత్రమే. 5 ఆంపియర్ల ఫ్యూజు కూడా నిబ్బరంగా నిలబడుతుంది, తొడుగు మీద కరెంటు అలాగే ఉంటుంది. ఆర్.సి.సి.బి. చేసే పని వేరు. అది వెళ్ళిన కరెంటునూ తిరిగి వచ్చిన కరెంటునూ ప్రతి క్షణం సరిపోల్చుకుంటుంది. లెక్క 30 మిల్లీ ఆంపియర్లు తగ్గితే, ఆ తగ్గినది మనిషి గుండా పోయినా గోడ గుండా పోయినా, కనురెప్ప పాటులో మెయిను ఆపివేస్తుంది.

నేను హైదరాబాదు చేరిన పదిహేను రోజులకు పని పూర్తయింది. ఇంకొక నాలుగు రోజులకు ఫోను వచ్చింది.

“అన్నా, నువ్వు పెట్టిచ్చిన డబ్బా పాడైంది. రోజూ పొద్దుగాల ఆరింటికి లైన్ మొత్తం పోతున్నది. అందరు నన్నే తిడుతున్నరు. నిన్న కరెంటాయన వచ్చి దాన్ని తప్పిచ్చి డైరెక్టుగ కలిపిండు.”

డబ్బా పాడు కాలేదని, ఆరు గంటలకు ఎవరు ఏమి చేస్తున్నారో చూడమని చెప్పాను. దానిని తిరిగి కలిపించి, అన్ని గదుల ప్లగ్గులూ తీసివేసి, ఒక్కొక్కటే దూర్చి చూడమన్నాను. ఏడు గంటల షిఫ్టుకు వెళ్ళేవారు ఆరింటికి స్నానానికి నీళ్ళు కాచుకుంటారు. ఆరవ గదివారి నీళ్ళు కాచే కడ్డీ బకెట్టులో వేసి స్విచ్చి వేయగానే మెయిను పడిపోయింది. కడ్డీ తొడుగు మీద వెంట్రుకంత పగులు. రెండు కాళ్ళ ప్లగ్గు, ఇనుప బకెట్టు. మొన్న చలికాలంలో నీళ్ళు ‘కొరుకుతున్నాయి’ అని ఆ ఇంటి పెద్దామె రెండు మూడుసార్లు చెప్పిందట. వయసు మీద పడి అలా అనిపిస్తున్నదని ఇంట్లోవారు అనుకున్నారు.

కడ్డీ పారవేశారు. డబ్బా మీద ఉన్న పరీక్ష మీటను ప్రతి నెల మొదటి రోజున నొక్కే పని ఇప్పుడు మిత్రుని తమ్ముడిది. ఎండాకాలంలో గుంటలో నీళ్ళు పోసేది కూడా అతడే. ఫ్రిజ్ ముందు పీట తీసివేశారు గాని, ఇల్లాలు మాత్రం అలవాటు చొప్పున ఇంకా చెప్పులు తొడుక్కునే తలుపు తీస్తున్నదని చెప్పాడు. పసివాడు నడుస్తున్నాడట.

సందుకు అవతల అదే యజమానికి ఇంకొక వరుస ఉన్నది, పదకొండు గదులు. దాని సంగతి అడిగితే దీపావళి వెళ్ళాక చూద్దామన్నాడట.